వెళ్లిపోయే ఆటగాడిని సాగనంపడం ఎలా

"అన్నా, ఈ పేరు తీసేయొస్తదా?"

2023 వేసవిలో ఒక సాయంత్రం, చందానగర్‌లో నా షాపు కౌంటర్ మీద పసుపు జెర్సీ పరిచి ఒక కాలేజీ కుర్రాడు అడిగాడు. ఆ పేరు వేసింది నేనే, మన హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బులో గోల్స్ కొట్టే నైజీరియా ఆటగాడిది. ఓగ్‌బెచే. ఇంగ్లిష్‌లో ఏడు అక్షరాలు. అందులో 'ఈ' రెండుసార్లు వస్తుంది కాబట్టి వినైల్ షీటు కట్ చేసేటప్పుడు దాన్ని ఎప్పుడూ జతగానే పెట్టుకునేవాణ్ని. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచాక ఏడాదికి పైగా నా హీట్ ప్రెస్ కింద ఎక్కువసార్లు పడ్డ పేరు అదే. ఇప్పుడు అతను క్లబ్బు వదిలి వెళ్తున్నాడు. కుర్రాడి గొంతులో కోపముంది, కళ్లలో నీళ్లున్నాయి.

ఆ రోజు అతనికి సరైన మాట చెప్పలేకపోయాను. ఆ తర్వాత గోల్స్ కొట్టేవాళ్లు వెళ్లారు, కోచ్ వెళ్లాడు, చివరికి క్లబ్బే వెళ్లిపోయింది. ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా జనం నా షాపుకు వచ్చి ఏం మాట్లాడారో విన్నాను, ఇంట్లో నా బిడ్డ ఎలా బాధపడిందో చూశాను. అందుకే రాస్తున్నాను. మీ క్లబ్బు ఏదైనా, మీ ఆటగాడిది ఏ దేశమైనా, అతను వెళ్తున్నాడని తెలిసిన రోజు మీకిది పనికొస్తుంది.

ముందు, ఎలా వెళ్తున్నాడో తెలుసుకోండి

మనం కోపంలో అన్నిటికీ ఒకటే మాట అంటాం, "వదిలేసి పోయిండు" అని. అది నిజంగా వదిలేయడమో కాదో ముందు చూడాలి.

మన దేశంలో విదేశీ ఆటగాళ్ల ఒప్పందాలు ఎక్కువగా ఒకటి రెండేళ్లవే ఉంటాయి. సాధారణంగా మే 31తో ముగుస్తాయి. గడువు ముగిశాక వెళ్లినవాడు మాట తప్పినట్టు కాదు. ఇస్తానన్న కాలం ఇచ్చాడు, ఆడాడు, వెళ్తున్నాడు. జనవరిలోనే "వేరే క్లబ్బుతో సంతకం చేశాడట" అని వార్త వస్తే చాలామందికి నమ్మకద్రోహంలా అనిపిస్తుంది. కానీ ఒప్పందంలో ఇక ఆరు నెలలే మిగిలి ఉంటే, తర్వాతి సీజన్ కోసం మరో క్లబ్బుతో ముందే మాట్లాడుకుని సంతకం పెట్టే హక్కు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల్లోనే ఉంది. సంతకం పెట్టినంత మాత్రాన మిగిలిన మ్యాచుల్లో మనసు పెట్టి ఆడడని అనుకోకూడదు. ఆడుతున్నాడో లేదో కళ్లముందు కనిపిస్తూనే ఉంటుంది కదా.

క్లబ్బే వద్దనుకోవడం ఇంకో రకం. 2021-22 నుంచి ఐఎస్‌ఎల్‌లో ఒక జట్టు మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులనే దించగలదు. అంతకుముందు ఐదుగురు ఉండేవారు. జట్టు మొత్తంలో ఆరుగురికే చోటు. ఆ కొద్ది చోటులోనే డిఫెండర్, మిడ్‌ఫీల్డర్, స్ట్రైకర్ అందరూ సర్దుకోవాలి. కోచ్ ఆట తీరు మార్చుకుంటే, ఎంత బాగా ఆడినవాడికైనా చోటు లేకుండా పోవచ్చు. ఇక లోన్ మీద, అంటే వేరే క్లబ్బు నుంచి కొంతకాలానికి అరువుగా వచ్చినవాడు సీజన్ అయ్యాక సొంత క్లబ్బుకు తిరిగి వెళ్లడం మొదటి రోజు నుంచే రాసి ఉన్న విషయం.

"పరస్పర అంగీకారంతో" అన్న మాట కనిపిస్తే కాస్త ఆగి చదవండి. గాయం కావచ్చు, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోవచ్చు, డబ్బు విషయం కావచ్చు. బయటకు చెప్పనిది మనం ఊహించి తిట్టడం అన్యాయం.

అన్నిటికంటే బాధాకరమైనది జీతం అందక వెళ్లడం. దీనికీ ఫిఫా నిబంధన ఉంది. రెండు నెలల జీతం అందకపోతే ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే ఒప్పందం రద్దు చేసుకుని వెళ్లొచ్చు. నా షాపులో ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు. రెండు నెలలు చేతిలో ఏమీ పెట్టకుండా మూడో నెల ఒకటో తారీఖున షట్టర్ తియ్యమంటే ఏ ముఖం పెట్టుకుని చెప్పగలను? దేశం కాని దేశంలో, అద్దె ఇంట్లో, భార్యాపిల్లలతో ఉన్నవాడి విషయంలో కూడా ఇలాగే ఆలోచించాలి.

ఇదంతా తెలుసుకోవాలంటే క్లబ్బు సొంత పేజీ, ఆటగాడి సొంత ఖాతా, ఈ రెండే చూడండి. అభిమానులు తయారుచేసిన పోస్టర్ ఎంత అందంగా ఉన్నా అది ప్రకటన కాదు.

ఆ రాత్రి ఫోన్ పక్కన పెట్టండి

ఈ విషయం దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

2023 మార్చి 13, కోల్‌కతాలో సెమీఫైనల్ రెండో మ్యాచ్. ఏటీకే మోహన్ బగాన్‌తో గచ్చిబౌలిలో 0-0, అక్కడా 0-0. పెనాల్టీల్లో మనం ఓడిపోయాం. ఓగ్‌బెచే కొట్టిన పెనాల్టీ పోస్టుకు తగిలింది. అంతకుముందు సీజన్లో 18 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నవాడు, ఆ ఒక్క తన్నుతో చాలామందికి పనికిరానివాడు అయిపోయాడు. వేసవిలో అతను వెళ్తున్నాడని తెలిసినప్పుడు కూడా అదే పెనాల్టీని మళ్లీ మళ్లీ తవ్వారు.

ఆ రోజుల్లోనే టోలిచౌకి నుంచి ఇద్దరు నైజీరియా విద్యార్థులు నా షాపుకు వచ్చారు. వాళ్లు ఇదివరకు కూడా వచ్చారు, అతని పేరుతో జెర్సీలు వేయించుకున్నారు. అతను పుట్టిన ఊరు ఓగోజా అని, 2002 ప్రపంచకప్‌లో పదిహేడేళ్ల వయసులోనే నైజీరియాకు ఆడాడని, పారిస్‌లో పీఎస్‌జీ జట్టులో పెరిగాడని నాకు మొదట చెప్పింది వాళ్లే. ఈసారి వాళ్లు ఫోన్‌లో ఒక పోస్టు తెరిచి, దాని కింద ఉన్న కామెంట్లు చూపించి అడిగారు, "వీటిలో ఏం రాసి ఉంది?" అని. కొన్ని తెలుగులో ఉన్నాయి, కొన్ని హిందీలో. అతని ఒంటి రంగు గురించి రాసినవి కూడా ఉన్నాయి.

నేను చదివి చెప్పలేదు. "కోపంలో ఏదో రాశారు" అన్నాను. వాళ్లకు అర్థమైంది. జెర్సీ కవరు తీసుకుని వెళ్లిపోయారు.

అందుకే చెప్తున్నాను. వార్త తెలిసిన రాత్రి ఏమీ రాయకండి. రాయాలనిపిస్తే ఒక కాగితం మీద రాసి ఉంచండి. మర్నాడు పొద్దున చాయ్ తాగాక చదవండి. అప్పటికీ ఆ మాట అతని ముఖం మీద, అతని పిల్లల ముందు చెప్పగలను అనిపిస్తేనే పెట్టండి. ఆటగాళ్లు ఈ మాటలు చదవరనుకోకండి, చదువుతారు. తెలుగు రాదు కదా అనుకోకండి, ఫోనే అనువాదం చేసి చూపిస్తుంది. మీ గ్రూపులో ఎవరైనా రంగు గురించో దేశం గురించో మాట జారితే అక్కడే ఆపండి. "వద్దు తమ్మీ, తీసేయ్" అని ఒక్కరు అంటే చాలు, చాలామంది తీసేస్తారు. నేను చూశాను.

కోపం ఉండకూడదని కాదు. "పెద్ద మ్యాచ్‌లో నిలబడలేదు" అనొచ్చు, "ఆ సంవత్సరం 10 గోల్సే కొట్టాడు" అనొచ్చు. ఆట గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. నేనూ మాట్లాడతాను.

పిల్లలకు చెప్పేటప్పుడు

నా కూతురికి అప్పుడు పదేళ్లు. వార్త విని అడిగింది, "మన మీద కోపమొచ్చిందా నాన్నా?"

"పైసల కోసం పోయిండు బిడ్డా" అన్నాను ఏదో పనిలో ఉండి. అది తప్పు. అతనికి వేరేచోట ఎంత ఇస్తున్నారో నాకు తెలియదు, అసలు ఎక్కువ ఇచ్చేవాళ్లు ఉన్నారో లేదో తెలియదు. పిల్ల మాత్రం నా మాట నమ్మింది. గోడ మీద అంటించిన అతని బొమ్మ తీసి పుస్తకాల అరలో బోర్లించి పెట్టింది. రెండు రోజుల తర్వాత కూర్చోబెట్టి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. "అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. మీ బాబాయి కంటే పెద్దోడు. ఇన్నేళ్లు ఇల్లు వదిలి ఊళ్లూళ్లూ తిరిగి ఆడిండు. గువాహటి, కొచ్చి, ముంబై, మన దగ్గర. ఒప్పందం అయిపోయింది, పోతుండు." అంతే. వయసు, ఒప్పందం, ఇల్లు, ఈ మూడూ పిల్లలకు బాగా అర్థమవుతాయి. తెలియనిది కల్పించి చెప్పకండి, "నాకు తెల్వది బిడ్డా" అంటే వాళ్లేమీ అనుకోరు.

మన ఊరి నుంచి వెళ్లినవాళ్ల గురించి కూడా చెప్పండి. మా నాన్న చెప్పేవారు తులసీదాస్ బలరాం గురించి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. కోచ్ రహీం సాబ్ కంట్లో పడి హైదరాబాద్ తరఫున ఆడాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1957లో కోల్‌కతాకు, ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ తర్వాత బెంగాల్‌లోనే, ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డాడు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూశాడు. "వాళ్లకు దొరికిండు, మనకు పోయిండు" అని మా నాన్న అనేవారు, కానీ ఆ మాటలో కోపం ఉండేది కాదు. బలరాం పేరు ఎత్తినప్పుడల్లా నడుం నిటారుగా పెట్టి కూర్చునేవారు. నా కూతురు ఆ కథ విన్నాక బొమ్మను మళ్లీ గోడ మీద పెట్టింది.

వీడ్కోలు మాట ఇలా రాయండి

మన ఇళ్లలో గడప దాటేవాళ్లు "వెళ్తాను" అనరు, "వెళ్లొస్తాను" అంటారు. సాగనంపేవాళ్లు "వెళ్లిరా" అంటారు. ఆటగాడికి రాసేటప్పుడూ అదే మర్యాద పాటిస్తే చాలు.

"థాంక్యూ లెజెండ్" అని రెండు మాటలు, నాలుగు హృదయాలు పెట్టి వదిలేయకండి. అలాంటివి అతనికి వేలల్లో వస్తాయి. మీరు చూసింది రాయండి. ఏ మ్యాచ్, ఎక్కడ కూర్చుని చూశారు, పక్కన ఎవరున్నారు. నేను రాసింది ఇక్కడ పెడుతున్నాను, పద్ధతి తెలియడం కోసం:

"ఓగ్‌బెచే గారూ, ఫైనల్ తప్ప 2021-22 సీజన్ అంతా కోవిడ్ వల్ల గోవాలో ఖాళీ స్టేడియాల్లో జరిగింది. మీరు కొట్టిన 18 గోల్స్ మా ఇంట్లో టీవీలో చూశాం. ఈస్ట్ బెంగాల్ మీద మూడు గోల్స్ కొట్టిన రాత్రి నా కూతురు నిద్రపోలేదు. మిమ్మల్ని మొదటిసారి కళ్లారా చూసింది 2022 అక్టోబర్‌లో, గచ్చిబౌలిలో, బెంగళూరు మ్యాచ్‌లో. చివర్లో మీరు గోల్ కొట్టారు, 1-0తో గెలిచాం. నా కూతురు నా భుజాల మీద ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా దిగలేదు. మా ఊరిలో ఆడినందుకు కృతజ్ఞతలు. ఇంటికి క్షేమంగా చేరండి. మళ్లీ ఎప్పుడైనా రండి."

ఇంగ్లిష్‌లో పెట్టాలనుకుంటే తెలిసినవాళ్లతో రాయించుకోండి, కానీ తెలుగులో కూడా పెట్టండి. ఎవరి మధ్య ఆడాడో ఆ భాష అతనికి ఒకసారి కనిపించాలి. పెనాల్టీ గురించి నేను రాయలేదు. ఆ సమయంలో అది రాయాల్సిన విషయం కాదు.

గణాంకాలు పెడితే సరిచూసుకుని పెట్టండి. నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌కు 12, కేరళ బ్లాస్టర్స్‌కు 15, ముంబై సిటీకి 8, మనకు 18, 10. మొత్తం ఐఎస్‌ఎల్‌లో 63. తప్పు అంకె వేసిన వీడ్కోలు పోస్టరు చూస్తే నాకు పేరులో అక్షరం తప్పు వేసిన జెర్సీ చూసినట్టు ఉంటుంది.

జెర్సీని ఏం చేయాలి

ఇది నా పని కాబట్టి వివరంగా చెప్తాను.

పేరు తీయించడం సాధ్యమే. వినైల్‌ను మళ్లీ వేడి చేసి, వేడి మీదే ఒక అంచు పట్టుకుని మెల్లగా లాగాలి. తర్వాత మిగిలిన జిగురును మందుతో తుడవాలి. అయితే డ్రైఫిట్ గుడ్డ పాలిస్టర్. వేడి కొంచెం ఎక్కువైతే మెరుపు మచ్చ పడుతుంది, ఇంకా ఎక్కువైతే గుడ్డ ముడుచుకుంటుంది. అన్నీ సరిగ్గా చేసినా పేరు ఉన్నచోట గుడ్డ ఎండకు వెలిసిపోకుండా ఉంటుంది కాబట్టి అక్షరాల ఆకారం కనిపిస్తూనే ఉంటుంది. పసుపు జెర్సీ మీదైతే ఇంకా బాగా కనిపిస్తుంది. దాని మీద కొత్త పేరు వేస్తే రెండు పేర్లు కలిసి కనిపిస్తాయి. అందుకే కోపంలో వచ్చినవాళ్లకు నేను ఒకటే చెప్తాను, నెల రోజులు బీరువాలో పెట్టి రండి, అప్పుడు కూడా కావాలంటే డబ్బు తీసుకోకుండా తీసిస్తాను అని. 2023 నుంచి ఇప్పటిదాకా అలా తిరిగి వచ్చి తీయించుకున్నవాళ్లు ఇద్దరే. మొదట చెప్పిన కాలేజీ కుర్రాడు కూడా వచ్చాడు, దాదాపు ఏడాదిన్నర తర్వాత. 'హెచ్' అంచు లేస్తోంది, అతికించమని అడిగాడు.

దాచుకోవాలనుకుంటే లోపలి వైపు బయటకు తిప్పి చల్లటి నీళ్లలో చేత్తో ఉతకండి. వాషింగ్ మెషీన్ డ్రయర్‌లో వేయకండి. పేరు మీద నేరుగా ఇస్త్రీ పెట్టకండి. మడతపెడితే అక్షరాల మీద గీత పడి అక్కడే పగులుతుంది. పేరు బయటి వైపు ఉండేలా చాపలా చుట్టి పెట్టండి, మధ్యలో పలచటి నూలు గుడ్డ వేయండి. కలరా ఉండలు నేరుగా తగలకుండా చూడండి.

కాల్చడం, చింపడం, దాన్ని వీడియో తీసి పెట్టడం చేయకండి. ఆ జెర్సీ మీద అతని పేరు ఒక్కటే లేదు. ముందు వైపు మన క్లబ్బు గుర్తు కూడా ఉంది.

తర్వాత వచ్చేవాణ్ని

2020-21లో మనకు అరిదానే సంటానా ఉండేవాడు. స్పెయిన్ స్ట్రైకర్, కెప్టెన్, 10 గోల్స్. ఆ సీజన్లో ఐదో స్థానంతో ప్లేఆఫ్ అంచు దాకా వెళ్లి ఆగిపోయాం. తర్వాత అతను ఒడిశాకు వెళ్లాడు. "అరిదానే లేకుండా ఏం ఆడతారు" అని అందరం అనుకున్నాం. అతని చోటులోకి వచ్చినవాడే ఓగ్‌బెచే. ముప్పై ఆరేళ్లవాడిని తెచ్చారేంటని గొణిగినవాళ్లలో నేనూ ఉన్నాను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళతో ఫైనల్. గ్యాలరీ నిండా కేరళ అభిమానుల పసుపు, మైదానంలో మన పసుపు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపాడు. కప్పు మనది.

కాబట్టి కొత్తవాడికి పది మ్యాచులు ఇవ్వండి. మొదటి మ్యాచ్ నుంచే పాతవాడి పేరు పాడి అతన్ని కొట్టకండి. మనవాళ్లూ ఉన్నారని గుర్తుపెట్టుకోండి. పైన చెప్పిన తవోరా, కట్టిమని ఇద్దరూ గోవావాళ్లు, ఆ కప్పు వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది.

అతను తిరిగి వచ్చిన రోజు

వెళ్లినవాడు ఎదుటి జట్టు జెర్సీలో మీ స్టేడియానికి వస్తాడు. ఆట మొదలుకాకముందు, వార్మప్‌లో, లేచి నిలబడి చప్పట్లు కొట్టండి. ఆట మొదలయ్యాక అతను ప్రత్యర్థి, మీ డిఫెండర్ వైపే అరవండి. అయిపోయాక మళ్లీ చప్పట్లు. ఈ వరసలో చేస్తే ఎవరికీ ద్రోహం చేసినట్టు ఉండదు.

మనోలో మార్కెజ్ విషయంలో నాకిది జరిగింది. కప్పు తెచ్చిన కోచ్. 2023 వేసవిలోనే ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. మన ఆటగాళ్లు సివెరియో, బోర్హా హెరేరా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లింది కూడా ఆ వేసవిలోనే. అంతమంది ఒక్కసారే వెళ్లడంతో ఆటగాళ్ల కంటే ఎక్కువ బాధ నాకు మనోలో మీదే కలిగింది. తర్వాత అతను భారత జట్టు కోచ్ అయ్యాడు. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ మన గచ్చిబౌలిలోనే జరిగింది. భారత కోచ్‌గా అతని మొదటి మ్యాచ్ మారిషస్‌తో, మన మైదానంలో, 0-0. తర్వాత సిరియాతో 0-3. ఫలితాలు బాగోలేవు. కానీ అతను టచ్‌లైన్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, నా కూతురు "మనోలో సార్ వచ్చిండు నాన్నా" అంది. ఎవరో చుట్టం ఇంటికి వచ్చినట్టు.

అందరూ వెళ్లిపోతే

ఒక్కడు వెళ్లడం వేరు, సీజన్ మధ్యలో ఒకరి వెనక ఒకరు వెళ్లడం వేరు. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ డబ్బు ఇబ్బందుల్లో పడింది. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. విదేశీయులు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లారు. రెండేళ్ల కింద కప్పెత్తిన జట్టు 22 మ్యాచుల్లో ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో అడుగున నిలిచింది. 2025లో ఆ క్లబ్బు లైసెన్సు ఢిల్లీకి వెళ్లింది, పేరు కూడా మారింది.

అలాంటి సీజన్లో ఏం చేయాలి? వెళ్లండి. స్టేడియానికి వెళ్లండి. అప్పటి కోచ్ తంగ్‌బోయి సింగ్టో ఇరవై ఏళ్ల కుర్రాళ్లను దించి ఆడించాడు. వాళ్లు ప్రతి వారం ఓడిపోతూ కూడా ఆఖరి నిమిషం దాకా పరిగెత్తారు. ఆ ఒక్క గెలుపు 2024 మార్చిలో చెన్నైలో వచ్చింది, 1-0, గోల్ సాజద్ పరేది. ఆ పేరు కూడా నేను ఒక జెర్సీ మీద వేశాను. ఒక్కటే. నా కూతురిది.

ఆ కుర్రాళ్ల మ్యాచులకు వెళ్లినప్పుడు గ్యాలరీలో మాట ఎలా ఉండాలో కూడా చెప్తాను. గోల్ పడ్డాక గోల్‌కీపర్ పేరు పిలవండి. సబ్‌స్టిట్యూట్ వార్మప్ చేస్తుంటే పేరు పిలవండి. వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఆ తొంభై నిమిషాలు ఎత్తకండి. వినేవాడు పద్దెనిమిదేళ్లవాడు, "ఓగ్‌బెచే ఉంటేనా" అన్న మాట వాడి కాళ్లను కట్టేస్తుంది.

ఇక క్లబ్బే లేనప్పుడు. మొదట కొన్ని నెలలు నాకు ఏ మ్యాచ్ చూడబుద్ధి కాలేదు. దానికి తొందరపడాల్సిన పని లేదు. శనివారం సాయంత్రం ఖాళీగా అనిపిస్తే అనిపించనివ్వండి. తర్వాత మన చుట్టూ ఉన్న ఆట వెతకండి. అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా ఉంది, శ్రీనిధి డెక్కన్ మైదానం. ఐఎస్‌ఎల్ తర్వాతి స్థాయి లీగ్ అయిన ఐ-లీగ్‌లో ఆ జట్టు 2022-23, 2023-24 వరుసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. వాళ్ల కొలంబియా స్ట్రైకర్ డేవిడ్ కాస్తానెడా 2024-25లో లీగ్ మొత్తంలో ఎక్కువ గోల్స్ కొట్టాడు. గ్యాలరీ చిన్నది, ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాటలు కూడా వినిపిస్తాయి. నా కూతురికి అది బాగా నచ్చింది. చందానగర్ నుంచి వెళ్లేవాళ్లు సొంత బండి మీద వెళ్లండి, తిరుగు ప్రయాణంలో రాత్రిపూట ఆటోలు దొరకడం కష్టం. మంచినీళ్ల సీసా, ఒక చద్దరు పెట్టుకోండి, చలికాలం అటువైపు గాలి గట్టిగా వీస్తుంది. పాత పసుపు జెర్సీ వేసుకున్నా అక్కడ ఎవరూ ఏమీ అనరు. మేం అవే వేసుకుని వెళ్తున్నాం.